జార్జ్ రాప్ పూర్వీకులను వెతకడం: చర్చిని కాదన్న జర్మన్ బోధకుడి వంశచరిత్రకు సమగ్ర మార్గదర్శి

వృత్తికి నేతగాడు. ద్రాక్షతోట పనీ తెలుసు. వేదాంతం చదువుకోలేదు, అభిషేకం పొందిన పాస్టరూ కాదు. అయినా యోహాన్ గేయోర్గ్ రాప్ ఇంట్లో వాక్యం చెబుతున్నాడంటే చుట్టుపక్కల పల్లెల జనం ఊరి చర్చి మానేసి అక్కడికి నడిచి వెళ్లేవారు. ఆయన 1757 నవంబరు 1న జర్మనీ నైరుతి మూలలోని వ్యుర్టెంబర్గ్ సంస్థానంలో, ఇప్టింగెన్ అనే పల్లెలో పుట్టాడు. 1803లో అమెరికా చేరి, 1805లో పెన్సిల్వేనియాలో హార్మనీ సొసైటీని స్థాపించాడు. ఆస్తంతా ఉమ్మడిగా పెట్టుకుని బతికిన సంఘం అది. ఆయన 1847 ఆగస్టు 7న, తన మనుషులు కట్టుకున్న మూడో ఊరు ఎకానమీలో కన్నుమూశాడు. అమెరికా చరిత్రలో ఆయన పేరు జార్జ్ రాప్. సంఘస్థులకు ఫాదర్ రాప్.

ఆయన బోధ మీద, ఆయన కట్టించిన ఊళ్ల మీద చాలా రాశారు. ఆయన ఎవరి మనవడు, ఆ కుటుంబం ఆ పల్లెకు ఎప్పుడు చేరింది, చర్చిని ఎదిరించే గుణం ఆయనతోనే మొదలైందా లేక ఇంట్లో ముందే ఉందా అన్న ప్రశ్నల జోలికి వెళ్లినవాళ్లు తక్కువ. ఆ ప్రశ్నలకు జవాబు ఎలా వెతకాలో అంచెలంచెలుగా చెప్పడమే ఇక్కడ పని.

ఇలాంటి మనిషి విషయంలో అసలు చిక్కు ఒకటుంది. ఆ కాలంలో పుట్టుక, పెళ్లి, చావు రాసిపెట్టింది చర్చే. మనిషి చర్చికి దూరమైన నాటి నుంచి ఆ పుస్తకాల్లో అతని జాడ పలచబడుతుంది. సరిగ్గా అప్పటి నుంచే అధికారుల ఫైళ్లలో చిక్కబడుతుంది. ఆయన్ని పిలిచి నిలదీసినవాళ్లే ఆయన మాటలు రాసిపెట్టారు. కాబట్టి పూర్వీకుల కోసం చర్చి పుస్తకాలు, ఆయన కోసం విచారణ కాగితాలు చూడాలి. ఈ తేడా పట్టుకోకుండా దిగితే ఎంత వెతికినా దారి దొరకదు.

1. జీవితాన్ని ఒక సంవత్సరం దగ్గర రెండుగా చీల్చండి

రాప్ విషయంలో ఆ సంవత్సరం 1785. అప్పటికి ఆయన వయసు 27. ఆ ఏడాదే ఆయన, ఆయనతో కలిసినవాళ్లు ప్రభు భోజనానికి వెళ్లడం మానేశారు. చర్చి పెద్దలు పిలిపించి కారణం అడిగారు. 1791లో మౌల్‌బ్రొన్‌లో అధికారుల ముందు నిలబడి తాను ప్రవక్తననీ, అందుకే పిలువబడ్డాననీ చెప్పి కొద్దిరోజులు చెరసాలకు వెళ్లాడు. 1798లో ఆయన వర్గం తమ విశ్వాసాన్ని కాగితం మీద పెట్టి వ్యుర్టెంబర్గ్ ప్రతినిధుల సభకు సమర్పించింది. దానికి లోమర్స్‌హైమ్ ప్రకటన అని పేరు. పసిపిల్లల బాప్తిస్మం, ప్రమాణం చేయడం, సైన్యంలో చేరడం వాళ్లకు సమ్మతం కాదు.

ఒక కాగితం మీద నిలువుగీత గీసి, ఎడమవైపు 1785కి ముందువి, కుడివైపు తర్వాతవి రాసుకోండి. ఎడమవైపు ఆయన జననం, 1783లో ఫ్రియోల్ట్‌స్‌హైమ్‌కు చెందిన క్రిస్టీనా బెన్‌ట్సింగర్‌తో పెళ్లి, అదే ఏడాది కొడుకు యోహానెస్ పుట్టుక వస్తాయి. ఈ మూడూ మామూలు లూథరన్ రిజిస్టర్లలో వెతకాల్సినవి. కుడివైపు మొదటి అంశం 1786లో కూతురు రోసీనా పుట్టుక. విభేదం మొదలయ్యాక పుట్టిన బిడ్డ కాబట్టి ఆ ఒక్క పద్దును ప్రత్యేకంగా చదవాలి. బాప్తిస్మం ఏ రోజున జరిగింది, పుట్టుకకూ దానికీ ఎడం ఎంత, బిడ్డను పట్టుకునే జ్ఞాన తల్లిదండ్రులుగా ఎవరు నిలబడ్డారు, పాస్టరు పక్కన ఏమైనా రాశాడా అన్నవి చూడండి. రెండు పద్దులు, కొడుకుదీ కూతురుదీ, పక్కపక్కన పెట్టుకుంటే ఆ ఇంట్లో వచ్చిన మార్పు కనిపిస్తుంది.

2. అమెరికా వైపు ఎంత దొరుకుతుందో ముందే లెక్క వేసుకోండి

వంశచరిత్రలో తెలిసిన చివరి తరం నుంచి వెనక్కి నడవాలన్నది మంచి నియమం. హార్మనీ సొసైటీ దగ్గర మాత్రం ఆ నియమం ఎక్కువ దూరం తీసుకెళ్లదు. దానికి మూడు కారణాలున్నాయి.

సంఘంలో చేరినప్పుడు ఎవరు ఎంత ఆస్తి తెచ్చారో రాసిన పుస్తకం ఉండేది. 1818లో రాప్ దాన్ని తగలబెట్టించాడు. ఎవరూ ఎక్కువ తక్కువలు లెక్కపెట్టుకోకూడదన్నది ఆయన ఉద్దేశం. సమానత్వం కోసం చేసిన ఆ పని వంశచరిత్ర రాసేవాళ్లకు తీరని నష్టం. 1804లో సముద్రం దాటివచ్చిన కుటుంబాలు ఏం తెచ్చుకున్నాయో ఒక్కచోట చెప్పగల పుస్తకం అదే.

రెండోది సమాధులు. హార్మనీ వాళ్లు తమవాళ్లను గుర్తురాళ్లు లేకుండా పూడ్చిపెట్టారు. పెన్సిల్వేనియాలోని మొదటి ఊరి శ్మశానంలో రాప్ కొడుకు యోహానెస్‌కు మాత్రం రాయి ఉంది. రాళ్లు చదివి తరాలు కూర్చే పద్ధతి ఇక్కడ పనిచేయదు.

మూడోది బ్రహ్మచర్యం. 1807 నుంచి సంఘంలో అది ఆదర్శంగా స్థిరపడింది. యోహానెస్ 1812లోనే పోయాడు. ఆయన కూతురు గెర్ట్రూడ్ ఎకానమీలో పట్టు పరిశ్రమను నడిపి పేరు తెచ్చుకుంది. 1889లో పెళ్లి లేకుండానే చనిపోయింది. ఫాదర్ రాప్ వంశం ఆమెతో ఆగిపోయింది. మేము ఆయన నేరు వారసులం అని చెప్పుకునే వంశవృక్షం కనబడితే ముందు దాన్ని పక్కన పెట్టండి. సాధారణంగా అది రాప్ తోబుట్టువుల శాఖో, వేరే రాప్ కుటుంబమో అయివుంటుంది. ఫ్రెడరిక్ రాప్ పేరు చూసీ మోసపోవద్దు. సంఘం వ్యాపారాలన్నీ నడిపిన ఆయన ఉంటెర్రీక్సింగెన్‌లో పుట్టిన ఫ్రీడ్రిఖ్ రైఖెర్ట్. రాప్ ఆయన్ని దత్తత తీసుకున్నాడు, రక్తసంబంధం లేదు.

అలాగని అమెరికా కాగితాలు వదిలేయాల్సిన పనిలేదు. పెన్సిల్వేనియా రాష్ట్రం అంబ్రిడ్జ్ పట్టణంలో కాపాడుతున్న ఓల్డ్ ఎకానమీ విలేజ్‌కు సంఘం పత్రాలతో సంబంధం ఉంది. అందులో ఉత్తరాలు, లెక్కలు, సంతకాల జాబితాలు వెతకండి. 1832లో సంఘం చీలి దాదాపు మూడోవంతు మంది వెళ్లిపోయారు. అటూ ఇటూ ఉన్నవాళ్ల పేర్లు అప్పుడు జాబితాలకెక్కాయి. ఉత్తరాల్లో జర్మనీ బంధువుల పేర్లు, ఊళ్లు వస్తే వాటిని జాగ్రత్తగా ఎత్తిరాసుకోండి. ఓడల విషయానికొస్తే, 1804 జులైలో బాల్టిమోర్ చేరిన అరోరాలో దాదాపు 300 మంది వచ్చారు. ఆ తర్వాత మరి రెండు ఓడలు వచ్చాయి. అమెరికా ప్రభుత్వం ప్రయాణికుల జాబితాలు తప్పనిసరి చేసింది 1820లో. అంతకుముందు ఫిలడెల్ఫియా రేవుకు 1727 నుంచి 1808 దాకా వచ్చిన జర్మన్ల జాబితాలు మాత్రం అచ్చయ్యాయి. జనాభా లెక్కల్లో ఇంట్లో అందరి పేర్లూ రాయడం 1850లో మొదలైంది, అంతకుముందు ఇంటిపెద్ద పేరే రాసేవారు. 1847లోనే పోయిన రాప్ 1850 లెక్కల్లో దొరకడు. గెర్ట్రూడ్ తరంవాళ్లు దొరుకుతారు.

3. ఊరు, దాని పైన ఉన్న అధికారం, ఈ రెండూ ఖాయం చేసుకోండి

జర్మనీలో పుట్టాడు అన్న మాటతో ఏ పుస్తకమూ తెరుచుకోదు. 18వ శతాబ్దంలో జర్మనీ ఒక్క దేశం కాదు, వందల సంస్థానాలు. ఏ పల్లె ఏ సంస్థానంలో, ఏ మతానికి, ఏ తాలూకాకు చెందిందో తెలిస్తేనే దాని కాగితాలు ఎక్కడున్నాయో తెలుస్తుంది.

ఇప్టింగెన్ ఇప్పుడు బాడెన్-వ్యుర్టెంబర్గ్ రాష్ట్రంలో, ఎన్ట్స్ జిల్లా వీర్న్స్‌హైమ్ పంచాయతీలో భాగం. రాప్ కాలంలో అది లూథరన్ పల్లె, మౌల్‌బ్రొన్ మఠం తాలూకా కిందిది. ఒకప్పుడు కాథలిక్ సన్యాసులది అయిన మఠం లూథర్ సంస్కరణ తర్వాత సంస్థానం చేతికి వచ్చింది. భూములు, పన్నులు, తీర్పులు అక్కడి నుంచే నడిచాయి. రాప్‌ను విచారణకు మౌల్‌బ్రొన్‌కే ఎందుకు తీసుకెళ్లారో దీన్నిబట్టి అర్థమవుతుంది. మీ వెతుకులాట కూడా అందుకే రెండు చోట్లకు పోతుంది. చర్చి పుస్తకాల కోసం స్టుట్‌గార్ట్‌లోని లూథరన్ చర్చి ఆర్కైవ్స్‌కు, ప్రభుత్వ ఫైళ్ల కోసం స్టుట్‌గార్ట్, లుడ్విగ్స్‌బుర్గ్‌లలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు.

ఇంట్లో కూర్చుని చూడాలంటే ఆర్కియోన్ అనే వెబ్‌సైట్ ఉంది. 2015లో మొదలైంది. జర్మనీ ప్రొటెస్టెంట్ చర్చి పుస్తకాల ఫొటోలు అందులో ఉంటాయి, చందా కట్టాలి. ఫ్యామిలీసెర్చ్ అనే ఇంకో వంశచరిత్ర వెబ్‌సైట్ ఉచితం, కానీ కొన్ని సంపుటాలు వాళ్ల కేంద్రానికి వెళ్లి చూడాల్సి ఉంటుంది. ముందు ఫ్యామిలీసెర్చ్ కేటలాగ్‌లో ఇప్టింగెన్ పేరు కొట్టి ఏ పుస్తకాలున్నాయో, ఏ సంవత్సరాలవో రాసుకోండి. ఆ తర్వాతే డబ్బు పెట్టండి. ఒక నెల చందా తీసుకున్న రోజే వెతకాల్సిన పేర్లు, తేదీల జాబితా చేతిలో ఉండాలి.

4. బాప్తిస్మం పుస్తకం చదవడం

ఎక్కువ సమయం పట్టేదీ, ఎక్కువ ఆనందమిచ్చేదీ ఈ అంచె. తొందరపడొద్దు.

వ్యుర్టెంబర్గ్‌లో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు రాయమని డ్యూక్ క్రిస్టోఫ్ 1558లో ఆజ్ఞ ఇచ్చాడు. ఐరోపాలో చాలా ప్రాంతాల కంటే ముందే మొదలైన పద్ధతి ఇది. చావుల పుస్తకాలు చాలా చోట్ల తర్వాత వచ్చాయి. రాప్ పుట్టిన 1750ల నాటికి పేజీ మీద గళ్లు గీసి రాసేవారు. బిడ్డ ఒక గడిలో, తల్లిదండ్రులు ఒక గడిలో, జ్ఞాన తల్లిదండ్రులు మరో గడిలో ఉంటారు. గడుల మీద శీర్షికలు లాటిన్‌లో ఉండొచ్చు. ఇన్ఫాన్స్ అంటే బిడ్డ, పారెంటెస్ అంటే తల్లిదండ్రులు, ససెప్టోరెస్ అంటే బాప్తిస్మం వేళ బిడ్డను పట్టుకున్నవాళ్లు.

రాత కురెంట్ అనే పాత జర్మన్ చేతిరాత లిపిలో ఉంటుంది. ఇప్పటి జర్మన్ బాగా వచ్చినవాళ్లకు కూడా ఇది మొదట గీతల గుంపులాగే కనిపిస్తుంది. ఇ, ఎన్, ఎమ్, యు అక్షరాలన్నీ ఒకేలా పైకీ కిందికీ గీసిన గీతలే. యు మీద చిన్న వంకర గీత పెడతారు, దాన్ని ముందు గుర్తుపట్టండి. నా సలహా ఏమిటంటే రాప్ పద్దు కోసం నేరుగా వెళ్లకండి. అదే పాస్టరు రాసిన ఓ పది పేజీలు ముందు నుంచి చదవండి. ఒక పల్లెలో పదే పదే వచ్చే పేర్లు పాతికకు మించవు. వాటిని పట్టుకుంటే ఆ చేతిరాత మీకు తెలిసిపోతుంది. ట్రాన్స్‌క్రైబస్ లాంటి సాఫ్ట్‌వేర్ పాత చేతిరాత చదివిపెడుతుంది, సాయానికి వాడుకోండి. ఇంటిపేర్ల విషయంలో మాత్రం దాన్ని నమ్మి వదిలేయొద్దు.

పేర్ల దగ్గర మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. బిడ్డకు రెండు పేర్లుంటే పిలిచేది సాధారణంగా రెండోది. ఇంట్లో అన్నదమ్ములందరికీ యోహాన్ అనే మొదటి పేరు ఉండొచ్చు. కాబట్టి యోహాన్ గేయోర్గ్‌ను యోహాన్ కింద వెతక్కండి. గేయోర్గ్ అక్కడి పల్లె నోట యేర్గ్ అవుతుంది, యోహాన్ హాన్స్ అవుతుంది. రాప్ తండ్రి పేరు హాన్స్ ఆడం అనే కనిపిస్తుంది. చర్చి పుస్తకంలో యోహాన్ ఆడం అని ఉన్నా అది అదే మనిషి కావచ్చు. ఇక ఆడవాళ్ల ఇంటిపేరు చివర ఇన్ చేరుతుంది. రాప్ తల్లి రోసీనా బెర్గర్ అయితే పుస్తకంలో బెర్గరిన్ అని ఉంటుంది, భార్య బెన్‌ట్సింగరిన్ అవుతుంది. ఆ ఇన్ తీసేసి పుట్టింటి ఇంటిపేరు రాసుకోవాలి.

తేదీల దగ్గర ఒక ఉచ్చు ఉంది. రాప్ విషయంలో అది నేరుగా తగులుతుంది. ఆనాటి పాస్టర్లు సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా నెలలను 7, 8, 9, 10 అంకెల పక్కన లాటిన్ తోక తగిలించి రాసేవారు. ఆ అంకెలు లాటిన్‌లో నెలల పేర్లలో ఉన్న సంఖ్యలు. 9 అని ఉంటే అది నవంబరు, సెప్టెంబరు కాదు. నవంబరు 1న పుట్టిన మనిషిని సెప్టెంబరులో పుట్టినట్టు రాసుకుంటే ఆ తర్వాత అన్నిచోట్లా తేదీలు తప్పుతాయి. ఇంకొంచెం వెనక్కి వెళ్తే క్యాలెండరే మారుతుంది. జర్మనీ ప్రొటెస్టెంట్ సంస్థానాలు 1700 ఫిబ్రవరి 18 తర్వాతి రోజును మార్చి 1గా లెక్కపెట్టాయి. అంతకు ముందటి తేదీలను ఉన్నవి ఉన్నట్టు రాసి, పాత క్యాలెండరు అని పక్కన గుర్తు పెట్టండి.

చాలామంది జ్ఞాన తల్లిదండ్రుల గడిని దాటేస్తారు. దాన్ని వదలొద్దు. ఒక ఇంట్లో పుట్టిన బిడ్డలందరికీ తరచు అదే జంట నిలబడుతుంది. వాళ్లు మేనమామో, మేనత్తో, పొరుగు ఊరి బంధువో అవుతారు. రాప్ తోబుట్టువులందరి పద్దులూ తీసి ఆ గడిలోని పేర్లు వరసగా రాసుకుంటే తల్లి వైపు కుటుంబం ఎక్కడిదో తెలిసే అవకాశం ఎక్కువ. తర్వాత రాప్ వెంట అమెరికా వెళ్లినవాళ్ల పేర్లతో ఈ జాబితాను పోల్చండి. బోధ విని వచ్చిన శిష్యులు ఎవరు, ముందునుంచీ ఇంటి మనుషులైనవాళ్లు ఎవరు అన్నది అప్పుడే విడిపోతుంది.

5. పెళ్లి పద్దు, చావు పద్దు, అంకెల వరస

పెళ్లి పుస్తకం తరాలను కలిపే వంతెన. వరుడి పేరు, వృత్తి, అతని తండ్రి పేరు, ఊరు ఉంటాయి. వధువుకూ అంతే. తండ్రి పేరుకు ముందు వైలాండ్ అని ఉంటే ఆయన అప్పటికే చనిపోయాడని అర్థం. అక్కడి నుంచి చావు పుస్తకంలో ఎక్కడ ఆపి వెతకాలో తెలుస్తుంది. వేబర్ అంటే నేతగాడు, వైన్‌గేర్ట్‌నర్ అంటే ద్రాక్షతోట సాగుచేసేవాడు, బౌవర్ అంటే రైతు. బ్యుర్గర్ అంటే ఊళ్లో పూర్తి హక్కులున్న మనిషి. ఆ మాట ఉన్న కుటుంబం ఆ ఊళ్లో స్థిరపడిందని లెక్క. పెళ్లి సాధారణంగా వధువు ఊళ్లో జరిగినా, రెండు ఊళ్ల పుస్తకాల్లోనూ చూడండి. రాప్ పెళ్లికి ఇప్టింగెన్, ఫ్రియోల్ట్‌స్‌హైమ్ రెండూ తెరవాలి.

చావు పద్దులో వయసు సంవత్సరాలు, నెలలు, రోజులుగా ఉంటుంది. చనిపోయిన తేదీ నుంచి వెనక్కి లెక్కేస్తే పుట్టిన తేదీ రావాలి. నాలుగైదు రోజులు అటూ ఇటూ అయితే ఫరవాలేదు. సంవత్సరాల తేడా వస్తే అది వేరే మనిషి అయివుండొచ్చు.

వ్యుర్టెంబర్గ్‌లో 1808 నుంచి ప్రతి ఇంటికీ ఒక కుటుంబ పత్రం రాయడం తప్పనిసరి అయింది. భార్యాభర్తలు, వాళ్ల తల్లిదండ్రులు, పిల్లలు, తేదీలు అన్నీ ఒకే పేజీలో ఉంటాయి. రాప్ 1803లోనే వెళ్లిపోయాడు కాబట్టి ఆయన పేజీ మీద ఆశ పెట్టుకోవద్దు. ఊళ్లో ఉండిపోయిన తోబుట్టువుల పేజీలు వెతకండి. తల్లిదండ్రులు వాళ్లకూ ఒక్కరే కదా. అమెరికా వెళ్లినవాళ్ల పేరు పక్కన ఆ సంగతి రాయడం కూడా ఉంది.

దొరికిన ప్రతి మనిషికీ ఒక అంకె ఇవ్వండి. రాప్ 1, తండ్రి హాన్స్ ఆడం 2, తల్లి రోసీనా 3. తాతలు, నానమ్మ, అమ్మమ్మలు 4 నుంచి 7. ఎవరి అంకెనైనా రెట్టింపు చేస్తే తండ్రి, దానికి ఒకటి కలిపితే తల్లి. జర్మన్ వంశచరిత్రకారులు వాడే పద్ధతి ఇదే. పేర్లు ఒకేలా ఉన్నచోట అంకె మనల్ని కాపాడుతుంది.

6. భాగపంపిణీ కాగితాలు

చర్చి పుస్తకాలతోనే ఆగిపోయేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. వ్యుర్టెంబర్గ్‌లో వాటికంటే గొప్ప నిధి ఇంకొకటి ఉంది. 1555 నాటి సంస్థాన చట్టం ప్రకారం పెళ్లయినప్పుడు ఒక జాబితా, ఇంట్లో ఎవరైనా చనిపోయినప్పుడు ఇంకొక జాబితా రాయాలి. పెళ్లప్పుడు వరుడూ వధువూ ఎవరు ఏం తెచ్చారో రాస్తారు. పొలం, ద్రాక్షతోట ముక్క, ఆవు, మగ్గం, పరుపు, చొక్కాలు, వంటపాత్రలు, బైబిలు, అప్పులు, దేన్నీ వదలరు. చనిపోయాక మిగిలిన ఆస్తి అంతా లెక్కవేసి పిల్లలకు పంచుతారు. మన దగ్గరి భాగపంపిణీ దస్తావేజు ఎలాంటిదో ఇదీ అలాంటిదే. కాకపోతే కొడుకులకూ కూతుళ్లకూ సమాన వాటా ఇచ్చేది. అందుకే కూతుళ్లు, అల్లుళ్లు, వేరే ఊరికి కాపురానికి వెళ్లినవాళ్లు, దేశం దాటినవాళ్లు, చనిపోయిన కూతురి పిల్లలు, అందరూ పేర్లతో సహా కనిపిస్తారు.

ఈ కాగితాలు చాలా వరకు ఊరి పంచాయతీ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. ఇప్టింగెన్ కాగితాల కోసం వీర్న్స్‌హైమ్ పంచాయతీకి మర్యాదగా జర్మన్‌లో ఈమెయిల్ రాయండి. కుటుంబం పేరు, కావాల్సిన సంవత్సరాల పరిధి స్పష్టంగా చెప్పండి. అన్నీ కావాలని రాస్తే ఎవరూ సాయం చేయలేరు. హాన్స్ ఆడం రాప్ చనిపోయినప్పటి పంపకం, 1783 పెళ్లి జాబితా ఈ రెంటితో మొదలుపెట్టండి.

పెళ్లి జాబితాలో పుస్తకాలు ఏమున్నాయో తప్పక చదవండి. చర్చిని కాదన్న మనిషి వంశంలో ఆ వరస చాలా చెబుతుంది. బైబిలు, కీర్తనల పుస్తకం ప్రతి లూథరన్ ఇంట్లోనూ ఉండేవే. వాటికి తోడు పైటిజం అనే లూథరన్ భక్తి ఉద్యమ పుస్తకాలు తండ్రి ఇంట్లోనో తాత ఇంట్లోనో ఉంటే, రాప్ ఆలోచనకు మూలం ఇంట్లోనే ఉందనడానికి అది నేరు ఆధారం.

7. 17వ శతాబ్దపు గోడ

తల్లిదండ్రులు, తాతలు దాకా దారి సాఫీగా సాగుతుంది. ఆపై ముప్పై ఏళ్ల యుద్ధం (1618-1648) అడ్డొస్తుంది. 1634లో నోర్డ్‌లింగెన్ దగ్గర ప్రొటెస్టెంట్ పక్షం ఓడిపోయాక వ్యుర్టెంబర్గ్‌ను సైన్యాలు దోచాయి. వెనకే ప్లేగు, ఆకలి వచ్చాయి. సంస్థానం జనాభాలో సగానికి పైగా పోయింది. కొన్ని ఊళ్లలో పద్దులు ఏళ్ల తరబడి ఆగిపోయాయి, కొన్నిచోట్ల పుస్తకాలే కాలిపోయాయి. 1690ల్లో ఫ్రెంచి సైన్యం ఇదే ప్రాంతంలో మళ్లీ ఊళ్లు తగలబెట్టింది.

ఖాళీ పడిన పల్లెలకు బయటి జనం వచ్చారు. 1648 తర్వాత స్విట్జర్లాండ్ నుంచి, ముఖ్యంగా బెర్న్ వైపు నుంచి చాలామంది వచ్చి స్థిరపడ్డారు. 1650ల పెళ్లి పద్దులో ఊరి పేరు పక్కన స్విస్ అని ఉంటే వెతుకులాట ఆ దేశానికి మారుతుంది. 1699లో ఇటలీ కొండలనుంచి తరిమేసిన వాల్డెన్సియన్లు అనే ప్రొటెస్టెంట్లు ఇప్టింగెన్ పక్కనే పినాష్, సెర్ ఊళ్లు కట్టుకున్నారు. ఫ్రియోల్ట్‌స్‌హైమ్ పక్కన పెరూజ్ కట్టారు. తమ విశ్వాసం కోసం ఊరు విడిచి వచ్చినవాళ్లు రాప్ పుట్టడానికి యాభై ఏళ్ల ముందు నుంచే పొరుగున ఉన్నారన్నమాట. అలాగని రాప్‌కు వాళ్ల రక్తం ఉందని ఊహించకండి. వాళ్ల చర్చి వేరు, పుస్తకాలు ఫ్రెంచిలో ఉంటాయి. పెళ్లి పద్దు చూపిస్తే తప్ప ఆ సంబంధం రాయొద్దు.

చర్చి పుస్తకం ఆగిన చోట పన్నుల, సైన్యపు జాబితాలు అందుకుంటాయి. ఆయుధం పట్టగల మగవాళ్లందరినీ ఊరువారీగా రాసిన 16, 17వ శతాబ్దాల జాబితాలు స్టుట్‌గార్ట్ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. టర్కీ యుద్ధాల కోసం వసూలు చేసిన పన్ను జాబితాలు 1545వి ఉన్నాయి. ఎవరి పొలం ఎవరి పొలం పక్కన ఉందో చెప్పే భూమి పుస్తకాలు మఠం తాలూకాకు ప్రత్యేకంగా ఉన్నాయి. వీటిలో తండ్రీకొడుకుల సంబంధం రాయరు. ఆ ఇంటిపేరు ఆ ఊళ్లో ఫలానా సంవత్సరంలో ఉందనేంత వరకే ఇవి రుజువు. యుద్ధానికి ముందూ తర్వాతా అదే ఇంటిపేరు అదే పొలం దగ్గర కనిపిస్తే కొంత బలం వస్తుంది. అయినా వంశవృక్షంలో చుక్కల గీతతోనే కలపండి.

8. విచారణ కాగితాలు

ఇంతవరకూ చేసింది ఏ వ్యుర్టెంబర్గ్ రైతు వంశానికైనా సరిపోతుంది. ఇక్కడి నుంచి చర్చిని కాదన్నవాళ్లకే చెందిన దారి.

ప్రతి ఊళ్లో పాస్టరు, ఊరి పెద్ద, ఇంకొందరు కలిసి కూర్చునే చర్చి పంచాయతీ ఉండేది. 17వ శతాబ్దపు మధ్యలో మొదలై 19వ శతాబ్దపు చివరిదాకా సాగింది. ఆదివారం పనిచేసినవాళ్లు, తాగి గొడవ చేసినవాళ్లు, పిల్లల్ని బడికి పంపనివాళ్లు, చర్చికి రానివాళ్లు అందరూ దాని ముందుకొచ్చేవారు. జరిగిందంతా పుస్తకంలో రాశారు. 1785లో రాప్ మాటలు చేరింది ఆ తరహా పుస్తకంలోనే. 1743లో సంస్థానం ఒక ఆజ్ఞ ఇచ్చింది. పాస్టరుకు తెలిసి, ఒక పద్ధతిలో జరిగితే ఇళ్లలో భక్తి కూడికలు పెట్టుకోవచ్చని అది అనుమతించింది. ఆ అనుమతి పరిధి దాటినవాళ్ల మీదే ఫైళ్లు పెరిగాయి.

పూర్వీకుల కోసం వెతికేవాళ్లు ఇక్కడ చేయాల్సిన పని ఇది. రాప్ విచారణ చదివి ఆగిపోకండి. 1743 నుంచి 1785 దాకా అదే పంచాయతీ పుస్తకంలో రాప్, బెర్గర్ ఇంటిపేర్లు వెతకండి. భార్య వైపు కోసం ఫ్రియోల్ట్‌స్‌హైమ్ పుస్తకంలో బెన్‌ట్సింగర్ పేరు చూడండి. తండ్రి ఇంట్లో కూడికలు జరిగాయా, మేనమామ ఎవరైనా జరిమానా కట్టాడా, జ్ఞాన తండ్రిగా నిలబడినవాడు ఎప్పుడైనా చర్చికి రావడం లేదని పిలిపించబడ్డాడా? ఒక మనిషి ఒక్కసారిగా ప్రవక్తగా లేచినట్టు కనిపించే కథ వెనక నలభై ఏళ్ల కుటుంబ చరిత్ర ఉందో లేదో తేలేది ఇక్కడే. నాకు ఈ వెతుకులాట మొత్తంలో అన్నిటికంటే విలువైనది ఈ అంచె.

పైస్థాయి ఫైళ్లు స్టుట్‌గార్ట్, లుడ్విగ్స్‌బుర్గ్ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉంటాయి. వాళ్ల ఆన్‌లైన్ సూచికలో ఊరి పేరు, సెపరేటిస్టులు (అంటే చర్చి నుంచి విడిపోయినవాళ్లు) అన్న మాట కలిపి వెతకండి. దేశం విడిచివెళ్లాలంటే సంస్థానం నుంచి విడుదల తీసుకోవాలి, పన్ను బాకీలు తీర్చాలి. 1803 తర్వాత వెళ్లిన శిష్యుల పత్రాలు ఆ వరసలో ఉంటాయి. ఈ కాగితాలు చదివేటప్పుడు రాసినవాడు ఎవరో మరిచిపోవద్దు. పాస్టరు తన మందను చెదరగొట్టిన మనిషి గురించి రాస్తున్నాడు. తేదీలు, పేర్లు, బంధుత్వాలు తీసుకోండి. స్వభావం గురించి వాడిన మాటలను అతని అభిప్రాయంగానే ఉంచండి.

9. ఆన్‌లైన్ వృక్షాలు, డీఎన్ఏ

ప్రసిద్ధుడి పేరు చుట్టూ తప్పుడు కొమ్మలు తొందరగా మొలుస్తాయి. రాప్ ఇంటిపేరు జర్మనీలో చాలా చోట్ల ఉంది. ఊరు కలవకపోతే సంబంధం లేదనుకోండి. ఎవరో తయారుచేసిన వృక్షంలో తేదీ ఉండి పుస్తకం పేరు, పేజీ లేకపోతే దాన్ని సూచనగా మాత్రమే వాడి అసలు పేజీ తెరవండి. తండ్రి నుంచి కొడుక్కు వచ్చే వై డీఎన్ఏ పరీక్ష ఇక్కడా పనికొస్తుంది. రాప్ సొంత మగ వారసులు లేరు కాబట్టి ఆయన తండ్రి లేదా తాత వేరే కొడుకుల నుంచి మగవైపు తెగకుండా వచ్చినవాళ్లు పరీక్ష చేయించుకోవాలి. కాగితం మీద బంధుత్వం తేలిన రెండు శాఖలవాళ్లు చేయించుకుంటే ఫలితానికి అర్థముంటుంది.

10. ఇదే దారిలో వేరేవాళ్లు

తెలుగు నేలతో ముడిపడ్డ జర్మన్ వ్యక్తుల కోసం వెతకాలనుకునేవాళ్లకూ ఈ వరస పనిచేస్తుంది. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ 1793లో హెల్మ్‌స్టెడ్ట్‌లో పుట్టాడు. ఆయన అభిషేకం పొందిన పాస్టరు కాబట్టి విచారణ ఫైళ్ల అంచె అక్కర్లేదు, దాని బదులు మిషను సంఘం కాగితాలు చూడాలి. హెల్మ్‌స్టెడ్ట్ బ్రౌన్‌ష్వైగ్ సంస్థానంలోది కాబట్టి 1808 కుటుంబ పత్రాలు, 1555 చట్టం కింది ఆస్తి జాబితాలు అక్కడ ఆశించకండి. మూడో అంచె నుంచి, అంటే ఊరు ఎవరి అధికారం కిందిదో తేల్చడం నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.

రాప్ దగ్గరే ఉండేవాళ్లకు చివరగా రాసుకునే పద్ధతి చెబుతాను. 1 నుంచి 7 అంకెల వరకు ప్రతి మనిషికీ ఒక పేజీ పెట్టండి. పేజీ మీద తేదీ, పక్కన ఏ ఊరి ఏ పుస్తకం, ఎన్నో పేజీ అన్నది ఉండాలి. అసలు పద్దు మీ కళ్లతో చూసినదైతే ఒక గుర్తు, ఎవరో ఎత్తిరాసినదైతే వేరే గుర్తు పెట్టండి. 8 నుంచి 15 దాకా ఎనిమిది మందిలో ఒక్కరికైనా మొదటి గుర్తు పడేదాకా 16వ అంకె జోలికి వెళ్లకండి.